తాకి చూడని బిడ్డ

బాగలూరు పక్క పల్లెల్లో నేను ఆరోగ్య నర్సుగా చేరిన కొత్త అది. ఏడాది నిండకుండా బిడ్డ చనిపోతే ఆ ఇంటికి వెళ్లి ఫారం నింపడం కూడా నా పనే. వెయ్యి మంది పుడితే ఏడాదిలోపు ఎంతమంది పోయారన్నదాన్ని బట్టే ఆ ప్రాంతపు ఆరోగ్యం తెలుస్తుందని శిక్షణలో చెప్పారు. నాకది పరీక్షలో రాసిన జవాబు, అంతే.

మొదటి ఫారం పూలతోటలో కూలికి పోయే ఒకామె ఇంట్లో నింపాను. తొమ్మిది రోజుల ఆడబిడ్డ పోయింది.

"ఒళ్లు ఎప్పటినుంచి చల్లబడిందమ్మా?" అని అడిగాను.

ఆమె నా ముఖంలోకి చూసింది. "బుధవారం మీరు వచ్చినారు గదమ్మా. అప్పుడే చల్లగా ఉండె. మీరు తాకనే లేదు."

నిజమే. బిడ్డ నిద్రపోతోందంటే వాకిట్లోనే నిలబడి, చూసినట్టు కార్డులో సంతకం పెట్టి వచ్చేశాను. ఆ సంగతి రాయడానికి ఫారంలో చోటు లేదు. కాగితం తిప్పి వెనక రాశాను.

ఆ తర్వాత పసిబిడ్డ ఉన్న ప్రతి గడప దగ్గరా ఒక్క నిమిషం ఆగి లోపలికి పోయేదాన్ని.

రెండు నెలలకు అదే వీధిలో పన్నెండు రోజుల మగబిడ్డను చూడబోయాను. "ఇప్పుడే పండుకొన్నాడు, లేపొద్దమ్మా" అంది అవ్వ. వినకుండా ఉయ్యాల్లో చెయ్యి పెట్టాను. పాదాలు చల్లగా ఉన్నాయి. పొట్ట కూడా చల్లగానే ఉంది. పాలు పట్టించబోతే నోరు కదపలేదు.

అంబులెన్సుకు ఫోన్ చేసి, బిడ్డను తల్లి రొమ్ముకు ఆనించి పైన దుప్పటి కప్పాను. హోసూరు ఆసుపత్రికి పోయే దారంతా లారీలే. వాడి ముక్కు దగ్గర వేలు పెట్టుకుని కూర్చున్నాను.

"ఊపిరి ఉండాదా అమ్మా?" అని తల్లి మాటిమాటికీ అడిగింది.

"ఉండాది" అన్నాను ప్రతిసారీ. ఒకటి రెండుసార్లు నాకే తెలియలేదు.

రక్తంలో ఇన్ఫెక్షన్ అన్నారు డాక్టరు. రెండు వారాలు గాజుపెట్టెలో ఉంచారు. వాడు బతికాడు.

మొన్న వాడికి ఏడాది నిండింది. వాళ్లు రమ్మని పిలిచారు. నేను వెళ్లలేకపోయాను. వాళ్ల ఇంటికి పోవాలంటే ఆ మొదటి తల్లి వాకిలి దాటాలి.