కెలెపి మామయ్య ప్రార్థన

మా కెలెపి మామయ్య ప్రార్థన మొదలుపెట్టాడంటే ఇక "ఆమెన్" దాకా చేరడం మన అదృష్టం.

మేం వలసొచ్చి స్థిరపడ్డ ఓటారాలో ప్రతి శనివారం పొద్దున, చర్చి వెనక హాల్లో, తాగుడు మానాలనుకునే టోంగా దీవుల వాళ్ళం ఓ పన్నెండు మందిమి చేరతాం. ముందు ప్రార్థన, తర్వాత ఎవరి గోడు వాళ్ళు చెప్పుకోవడం, ఆపైన తిండి. పెద్దవాడు కాబట్టి ప్రార్థన మామయ్యది. మా టోంగా రాజుగారిని దీవించమంటాడు, రగ్బీ జట్టును దీవించమంటాడు, అందులో మోకాలు విరిగిన ఆటగాణ్ణి, అతని మోకాలిని విడిగా. "ప్రభువా, ఈ హాల్లో ఫ్రిజ్‌ని కూడా చల్లగా చూడు. పాపం, ఒకటే మూలుగుతోంది."

మమ్మల్ని నడిపించే లోసలిన్ ఒకసారి గట్టిగా దగ్గింది.

"ప్రభువా, లోసలిన్ దగ్గు తగ్గించు. అది వాళ్ళమ్మ నుంచి వచ్చింది. ఆవిణ్ణీ దీవించు."

మరుసటి వారం ఆమె టైమర్ తెచ్చింది. "మామయ్యా, ఇది మోగగానే ఆపెయ్యాలి."

"అలాగేనమ్మా."

మోగింది. "ప్రభువా, ఈ గంట చేసిన చేతుల్ని..."

ఒక శనివారం అరగంట దాటింది. చేమాకుల్లో చుట్టి వండిన గొర్రెమాంసం చల్లారిపోతోంది. ఓపిక నశించి కళ్ళు తెరిచాను.

మామయ్య కళ్ళు ముందే తెరిచి ఉన్నాయి! చూపు కిటికీ మీద. బయట తంగినోవా. మా చర్చి బ్యాండులో బాకా ఊదే ఆరడుగుల మనిషి. తలుపు దాకా వస్తాడు, వెనక్కెళ్ళి కారెక్కుతాడు, మళ్ళీ దిగుతాడు. మా ఓటారాలో ఒక్కరి కంట పడితే చాలు, ఆదివారానికల్లా ఊరంతటి కంటా పడ్డట్టే.

"ప్రభువా, భూమ్మీది గొర్రెలన్నిటినీ..." అంటూనే మామయ్య రమ్మని సైగ చేశాడు. తంగినోవా చెప్పులు చేత్తో పట్టుకుని పిల్లిలా వచ్చి, ఖాళీ కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకున్నాడు.

"ఆమెన్!"

లోసలిన్ ఉలిక్కిపడింది. "నువ్వెప్పుడొచ్చావు?"

"మొదట్నుంచీ ఉన్నాడు," అన్నాడు మామయ్య. "కళ్ళు మూసుకుంటే ఎలా కనిపిస్తాడమ్మా?"

తిండి దగ్గర మామయ్యను పట్టుకున్నాను. "నేను మొదటిసారి వచ్చిన రోజు కూడా ఇంతేనా?"

"నువ్వా, ఫెలెటీ! నీ దెబ్బకి సముద్రంలో చేపల్ని పేరుపేరునా దీవించాల్సొచ్చింది. నోర్మూసుకుని తిను."

ఆ పై వారం దీవించడానికి మామయ్య దగ్గర సరుకు అయిపోయింది. మాట తడబడింది. ఒక కన్ను తెరిచి చూశాను. గేటు దగ్గర ఎవరిదో ఎర్రకారు, లోపల మనిషి ఇంకా దిగలేదు.

"మామయ్యా," గొణిగాను, "టోంగాలో మా అత్తకి పందులున్నాయి."

"ఎన్నిరా?"

"పద్నాలుగు."

మామయ్య మొహం వెలిగిపోయింది. "ప్రభువా, పెద్దదానితో మొదలుపెడదాం..."