గజ్జె కట్టిన కెమెరా

నా కెమెరా సంచిలో లెన్సులతో పాటు ఒక జత గజ్జెలుంటయి. ఉప్పునుంతల దాకా ఎక్కడ భజన చిత్రీకరణకు పిలిచినా ముందు అవే చూసుకుంట.

గద్వాలలో పెండ్లి వీడియోలతో మొదలుపెట్టి, శ్రీరంగాపూర్ చెరువు గట్టున జంటలను ఉరికిస్తూ జానపద పాటల వీడియోలు తీసేదాకా వచ్చిన. మా దిక్కు ఆ పని మొదట పట్టుకున్నది నేనే కాబట్టి, అందులోని తప్పులన్నీ కూడా మొదట చేసింది నేనే.

ఒక భజనను పూర్తిగా సినిమాగా తీయాలన్న పట్టుదల మాత్రం అమరచింత దగ్గరి పల్లెలో పుట్టింది. అక్కడి చెక్కభజన గురువు, వేరుశనగ పండించే ముసలాయన, "ఈ శ్రీరామనవమికి ఆడి గజ్జెలు ఇప్పేస్త సారూ. మోకాళ్లు మాట ఇంటలేవు" అన్నడు. ఆయన ఆటను అప్పటిదాకా ఎవరూ తీయలేదు. ఈసారి తప్పితే ఇక లేదు.

చెక్కభజనలో గురువు నడుమ నిలబడి తాళం వేస్తూ పాడతడు. మిగతావాళ్లు చేతుల్లో చెక్కలు, కాళ్లకు గజ్జెలతో ఆయన చుట్టూ తిరుగుతూ పాట అందుకుంటరు. ముఖాలన్నీ లోపలికే. పేరుకు దర్శకుడిని, నాకు దొరికింది వీపుల దర్శనం.

పాటల వీడియోల అలవాటుకొద్దీ అందరినీ కెమెరా వైపు తిప్పి వరుసగా నిలబెట్టిన. పల్లవి దాటకముందే తాళం చెదిరింది.

"ఎదురుంగ ఉన్నోని కాలు కనవడకుంటే నా కాలెట్ల లేస్తది సారూ?" అన్నడొకడు.

డ్రోన్ ఎగరేస్తే తలపాగలు దొరికినయి.

"నేనే లోపలికొస్త తాతా" అన్న.

"గజ్జె కట్టనోడు లోపల అడుగు వెట్టొద్దు. రివాజు."

"అయితే నాకూ కట్టు."

గురువు నా బొజ్జను జర సేపు చూసిండు. "కాళ్లకైతే తాడు సరిపోతది" అన్నడు.

అప్పటినుంచి అడుగుడు మాని అడుగులు నేర్చుకున్న. అప్పటికి నేనుండే వనపర్తి నుంచి సాయంత్రాలు ఆయన కళ్లానికి పోయేది. "సారు భజన చేస్తలేడు, వడ్లు తొక్కుతుండు" అని ఆయన భార్య వేరుశనగ కాయలు ఒలుస్తూ నవ్వేది. ఇంట్ల మా ఆవిడ నా మోకాళ్లకు నూనె రాస్తూ, "ఆయన ఇప్పేస్తుంటే నువ్వు కడుతున్నవా?" అన్నది. మానలేదు. ఒట్టి చేతులతో అడుగు కుదిరినంక కెమెరాకు బదులు ఇటుక పట్టుకొని తిరిగిన. ఇటుక కుదిరినంక కెమెరా.

పండుగనాడు చెప్పులిడిచి, గజ్జె కట్టి, కెమెరాతో లోపలికి పోయిన. ఒక చరణంలో ఆయన మోకాలు పట్టేసింది. ముఖం బిగిసింది, పాట ఆగలేదు. ఆ ముఖం నా కెమెరాకు మూరెడు దూరంలో ఉంది. చెమట కళ్లలోకి దిగుతున్నా నేనూ ఆగలేదు.

సినిమా తయారైనంక ఆయన కళ్లంలోనే తెల్లబట్ట కట్టి చూపించిన. ఆయన తన ముఖం కంటే చప్పుడు మీదనే ధ్యాస పెట్టిండు.

"నడుమ నడుమ ఒక గజ్జె తప్పు మోగుతుంది. ఎవనిదది?"

"నాదే తాతా. కావాలంటే సినిమాల తీసేయిస్త."

"సినిమాల తీసేస్తె నీ కాళ్లల్లకెల్లి పోతదా? రేపు రా. నేను కుర్చీల కూసొని చెప్త."

మరునాడు గజ్జెలు తీసుకొని పోయిన.