రాజవ్వ దించిన ముల్లు

చనిపోయిన మా నాన్న మస్కట్ నుంచి తెచ్చుకున్న రికార్డు ప్లేయర్ నెల రోజులుగా గరగరమంటోంది. ఆయనకిష్టమైన రికార్డు అరిగిపోయిందని దిగులుపడ్డాను. ఈ సాయంత్రం ఆ చప్పుడు విని, కోరుట్లలో మా పక్కింట్లో ఉండే రాజవ్వ వచ్చింది.

"రికార్డు మంచిగనే ఉంది బిడ్డా. ముల్లు మీద బరువెక్కువైంది," అంటూ ముల్లుండే కడ్డీని పైకెత్తి, దాని వెనకున్న బరువు బిళ్లను మెల్లగా తిప్పి, ముల్లును మళ్లీ రికార్డు మీదికి దించింది. పాట తేటగా వినిపించింది.

"నీకిది ఎట్ల తెలుసు రాజవ్వా?"

"మా ఆయన రేడియోలు, రికార్డు ప్లేయర్లు బాగుచేస్తుండె. ఆయనకు చూపు తగ్గినంక పదేండ్లు నేనే చేసిన."

రికార్డు రెండు వైపులూ అయిపోయేదాకా ఇద్దరం కూర్చుని విన్నాం. ఇన్నేళ్లుగా గోడ అవతలే ఉన్న మనిషిని నేనేమీ అడగనే లేదు. మీ పక్కింటివాళ్లకు ఏమేం వచ్చో మీకు తెలుసా?