పొగమంచులో మూడో హద్రా

కర్జకాన్ తీరంలో చలికాలపు ఉదయాలు తెల్లగా ఉండేవి. నీళ్లు ఎక్కడ ఆగాయో, ఆకాశం ఎక్కడ మొదలైందో తెలిసేది కాదు. మోకాళ్ల లోతు నీళ్లలో నడుస్తుంటే, నేను నడుస్తున్నానో ఒకచోటే నిలబడి ఉన్నానో నాకే అనుమానం వచ్చేది.

ఆ తీరానికి చేరేసరికి బహ్రెయిన్‌లో పనికి చేరి నాలుగేళ్లు నిండాయి. అంతకుముందు సఖీర్ వైపు కట్టడాల్లో ఇనుప చువ్వలు కట్టేవాణ్ని. కంపెనీ పని అయిపోయి క్యాంపు ఖాళీ చేయించినప్పుడు, నిర్మల్ దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఒక అన్న నన్ను తనకు వీసా ఇచ్చిన యజమాని, కఫీల్ దగ్గరికి తీసుకెళ్లాడు. ఆయన డెబ్బై దాటిన ముసలాయన. అందరూ హాజీ అనేవారు. ఒడ్డుకు దూరంగా ఆయనకు మూడు హద్రాలు ఉండేవి.

హద్రా అంటే చేపల కోసం సముద్రంలో కట్టే దడి. కర్రలు పాతి వాటికి వల బిగిస్తారు. పోటు మీద ఒడ్డుకు వచ్చిన చేపలు, నీళ్లు వెనక్కి తీసినప్పుడు ఆ దడి వెంబడి ఈదుకుంటూ పోయి, కొసన ఉన్న గుండ్రటి గదిలో చిక్కుకుంటాయి. మేము నీళ్లు తగ్గిన వేళ చూసుకుని నడిచి వెళ్లి, ఒక్కో గది ఖాళీ చేసుకుంటూ మూడోదాకా పోయి, మళ్లీ పోటు రాకముందే ఒడ్డు చేరాలి.

నాకు నీళ్లంటే భయం. జగిత్యాల వైపు మా ఊరి కాలువలో కూడా నడుం దాటి ఎప్పుడూ దిగలేదు. "దుబాయిల గూడ చలి పెడతదా?" అని నా భార్య ఫోన్లో నవ్వేది. మా ఊళ్లో గల్ఫ్ అంతా దుబాయే. చలి సంగతి చెప్పేవాణ్ని కానీ, నీళ్ల సంగతి చెప్పేవాణ్ని కాదు.

ఆ రోజు పొద్దెక్కినా మంచు విడవలేదు. హాజీకి దగ్గు ఎక్కువగా ఉండి ఒడ్డునే తన పికప్‌లో కూర్చున్నాడు. కాసేపటికోసారి హారన్ కొడతాననీ, ఆ చప్పుడు పట్టుకుని తిరిగి రమ్మనీ తన వచ్చీరాని హిందీలో చెప్పాడు. అన్న ముందు, నేను వెనక. నా నడుముకు కట్టిన తాడు చివర ప్లాస్టిక్ తొట్టి తేలుతూ వచ్చేది.

"తమ్మీ, గట్ల ఉరుకకు. కాళ్లు ఈడ్చుకుంట నడువు. కింద ముళ్ల చేపలుంటయ్" అన్నాడు అన్న.

మొదటి హద్రాలో సాఫీ చేపలు దండిగా పడ్డాయి. రెండోదాంట్లో నాలుగు పీతలు. వెనక హారన్ సన్నగా, ఎవరో నిద్రలో మూలిగినట్టు వినిపించేది. మంచులోంచి మూడో హద్రా కర్రలు ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. వాటి మీద నీటికాకులు కదలకుండా కూర్చున్నాయి.

గదిలో ఏదో పడుకుని ఉంది. బర్రె అంత ఉంది. బూడిదరంగు వీపు తడిగా మెరుస్తోంది. దాని ముక్కు తెరుచుకుని, మనిషి నిట్టూర్చినట్టు గట్టిగా ఊపిరి వదిలింది. నేను వెనక్కి పడబోయి కర్ర పట్టుకున్నాను.

"అన్నా, గిదేందే?"

"బగర్ బహర్ అంటరు. దరియాల ఆవు. గడ్డే తింటది, ఏమనది." అన్న గొంతు తగ్గించాడు. "పన్నెండేండ్లల్ల రెండుసార్లు సూసిన, గది గూడ దూరంకెల్లి."

అప్పుడు దడికి అవతల, లోతున్న వైపు, చిన్న వీపు ఒకటి లేచి మునిగింది. మళ్లీ లేచి వలను ముట్టెతో పొడిచింది. దాని పిల్ల.

ఆ వల హాజీ వేసవంతా తన వాకిట్లో కూర్చుని అల్లుకున్నది. అన్న జేబులోంచి ప్లాస్టిక్ సంచిలో చుట్టిన ఫోన్ తీసి ఆయనకు చెప్పాడు. అటు నుంచి కాసేపు దగ్గు. తర్వాత రెండే మాటలు: "కాటో. యల్లా."

త్వరగా కోసెయ్యమని. అన్న దగ్గరున్న చాకుతో వల కోశాం. మూడు కర్రలు ఊపి ఊపి పీకాం. గదిలో ఉన్న చేపలన్నీ మా కాళ్ల మధ్య నుంచి మెరుస్తూ వెళ్లిపోయాయి. ఆ పెద్దది మాత్రం కదల్లేదు. పొట్ట ఇసుకకు ఆని ఉంది. పోటు రావాల్సిందే.

"మనం పోదామా అన్నా? నీళ్లొస్తయి."

"జరసేపు ఆగుదాం తమ్మీ."

తొట్టిలోని చేపలు సంచిలోకి మార్చి, ఆ తొట్టితో దాని వీపు మీద నీళ్లు పోస్తూ నిలబడ్డాను. ఒకసారి చెయ్యి వేశాను. చల్లగా, మందంగా, లోపల ఎక్కడో నెమ్మదిగా ఏదో కొట్టుకుంటున్నట్టు ఉంది. దాని కన్ను మరీ చిన్నది, శనగ్గింజంత. అది నన్ను చూసిందో లేదో తెలియదు. అలా ఎంతసేపు గడిచిందో కూడా తెలియదు. మోకాళ్ల దగ్గరున్న నీళ్లు తొడల దాకా వచ్చినట్టు చలికి తెలిసింది. ఆశ్చర్యం, నాకు భయం వేయలేదు.

దాని కింద ఇసుక కదిలింది. తోక ఒక్కసారి పైకి లేచింది. నీళ్లు మా మొహాల మీద పడ్డాయి. కళ్లు తుడుచుకునేసరికి గది ఖాళీ. మంచులో అవతల రెండు ఊపిర్లు వినిపించాయి. ఒకటి పెద్దది, దాని వెంటే చిన్నది.

అప్పుడు గమనించాం, హారన్ వినిపించడం లేదు.

ఎటు చూసినా తెలుపే. నీళ్లు నడుం దాకా వచ్చాయి. అన్న నా చెయ్యి పట్టుకున్నాడు. ఫోన్ చేసినా ఒడ్డు ఏ దిక్కో తెలియదు. కొంచెం నడిచి ఆగాం, మళ్లీ తిరిగాం. అప్పుడు దూరం నుంచి ఒక ముసలి గొంతు, పొడుగ్గా, దగ్గు మధ్య ఆగి ఆగి పిలిచింది.

ఇద్దరం గొంతు చించుకుని అరిచాం. తెల్ల అంగీ నడుముకు చుట్టుకుని, నీళ్లలో నడుస్తూ హాజీ వచ్చాడు.

"గాడీ బ్యాటరీ ఖలాస్" అన్నాడు, అదేదో చిన్న విషయమైనట్టు.

వెనక్కి తిరిగి నడిచాడు. కళ్లు సగం మూసుకునే ఉన్నాడు. ఇసుక మీద అలలు గీసిన చాళ్లను అరికాళ్లతో తడుముకుంటూ మమ్మల్ని ఒడ్డుకు తెచ్చాడు.

తర్వాత నాలుగు రోజులు ఆయన వాకిట్లో కూర్చుని వల బాగుచేశాం. ఆయన ముడి వేయడం నేర్పాడు. మూడో రోజు, టీ తాగుతూ, చిన్నప్పుడు వాళ్లింట్లో ఆ జంతువు మాంసం వండేవారని చెప్పాడు. వాళ్ల నాన్న కొట్టి తెచ్చేవాడట. తాను ఇష్టంగా తినేవాడట.

"అచ్ఛా థా" అన్నాడు, బాగుండేదని. టీ గ్లాసు పక్కన పెట్టి, తెగిన వల మళ్లీ ఒళ్లోకి లాక్కున్నాడు. అన్న నావైపు చూశాడు. ముగ్గురం తలలు వంచుకుని ముడులు వేస్తూ ఉండిపోయాం.