నాలుగో గోతిలో జాయింటు

సైన్యంలో ఎలక్ట్రీషియన్ని. వానలు మొదలైన వారంలో విశాఖ వచ్చాను. రైలు దిగగానే జీపు ఎక్కించారు. ఓడరేవు వెనక కొండ. కొండలోకి తొలిచిన సొరంగంలో సరుకు డిపో. గాలిలో ఉప్పు, దాని మీద బొగ్గు దుమ్ము. ఇనుప తలుపు మీద చెయ్యి పెడితే తుప్పు అంటుకునేది. నా డ్యూటీ సొరంగం బయట స్విచ్ రూములో. మూడువేల మూడువందల వోల్టుల ప్యానెలు, రబ్బరు చేతితొడుగులు, ఒక వాకీటాకీ.

ఇప్పుడు మధురవాడలో మా అపార్టుమెంటు వాళ్లు యుద్ధం చూశావా అని అడుగుతుంటారు. చూడలేదు. నేను చూసింది ఇది.

సొరంగంలో వెల్డింగు పని నడుస్తోంది. ఆ పొగను పెద్ద ఫ్యాన్లు బయటికి లాగాలి. అవి ఆగితే లోపలివాళ్లకు ఊపిరాడదు. అంతకుముందు ట్రాన్స్‌ఫార్మరులో మూడు తీగలూ కలిసే చోటును, న్యూట్రల్‌ను, నేరుగా భూమికి కలిపారు. ఒక్క తీగ నేలను తాకినా కరెంటు వరదలా పారి బ్రేకరు పడిపోయేది. ఫ్యాన్లు ఆగేవి. అందుకని న్యూట్రల్‌కీ భూమికీ మధ్య కరెంటును అడ్డుకునే పెద్ద రెసిస్టరు పెట్టమని ఆర్డరు వచ్చింది. అది ఉంటే పారేది కొద్దిపాటి కరెంటే. బ్రేకరు పడదు, గంట మోగుతుంది. కానీ మిగతా రెండు తీగల మీద ఒత్తిడి పెరుగుతుంది. అవీ దెబ్బతినకముందే లోపం కనిపెట్టాలి. రెండో తీగ కూడా నేలను తాకిందంటే ఏ రెసిస్టరూ కాపాడలేదు.

దాన్ని కలిపింది నేనూ, కేబుల్ ముక్కలు అతికే జాయింటరు అప్పలరాజూ. అతను సివిలియను, పరవాడ పక్క పల్లె. నాది శ్రీకాకుళం వైపని తెలియగానే బావా అనేశాడు. రెసిస్టరు పెట్టె మోస్తుంటే నా మీద విసుర్లు.

"ఏటి బావ, పసిపిల్లని ఎత్తుకున్నట్టు పట్టుకున్నావు? గట్టిగా పట్టు."

బోల్టులు బిగించాం. మీటరుతో చూశాం. బాగా చేశాం, ఇప్పటికీ ఆ మాటే అంటాను.

గంట ఒక మధ్యాహ్నం మోగింది. బయట కుండపోత. లోపల వెల్డర్లు. ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి. మా సుబేదార్ సాబ్ సొరంగం తలుపు దగ్గర నుంచి వాకీటాకీలో చెప్పాడు: "మనుషుల్ని బయటికి పంపుతున్నాను. ఆఖరివాడు వచ్చేదాకా ఫ్యాన్లు ఆపొద్దు."

ఆ ఆర్డరు తప్పని నేను అనలేను.

లోపం ఎక్కడో తెలిస్తే ఆ ముక్కను వేరుచేసి, రెండోవైపు నుంచి ఫ్యాన్లకు కరెంటు ఇవ్వచ్చు. వెతకడం కరెంటు ఉన్నప్పుడే కుదురుతుంది. ప్యానెలు ఆ కొద్దిపాటి కరెంటును పెంచుతూ తగ్గిస్తూ పంపుతుంది. కేబుల్ పొడవునా ఉన్న గోతుల్లోకి ఒక్కొక్కటిగా దిగి మీటరు తగిలిస్తే సూది ఊగుతుంది. లోపం దాటాక ఊగదు. మీటరూ ఇంకో వాకీటాకీ తీసుకుని అప్పలరాజు వెళ్లాడు.

"ఒకటో గొయ్యి. ఊగతంది."

"రెండు. ఊగతంది బావ."

"మూడు. ఊగతంది. నీరు మోకాల్దాకా ఉంది."

"సాలు బావ, పైకొచ్చీ," అన్నాను.

"ఇంకొక్కటే. లోపల మనుసులున్నారు గదా."

తర్వాత అతని గొంతు, సంబరంగా.

"నాలుగు. జాయింటుకి ఇవతల ఊగతంది. అవతల ఆగిపోనాది. దొరికింది బావ! అందరూ వచ్చీసినారేటి?"

నా చెయ్యి స్విచ్ మీదే ఉంది. తిప్పకముందే పేలుడు. బ్రేకరు తనంతట తానే పడింది. నీరు చేరిన ఆ పాత జాయింటులోనే రెండో తీగ కూడా పోయింది.

వెల్డర్లంతా బతికారు. అప్పలరాజూ బతికాడు. చేతివేళ్లు మిగల్లేదు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో నాకు తెలియదు, కోపం మాత్రం ఉంది. కరెంటు ఆగకూడదని కలిపాం. అవసరమైనంతసేపూ ఆగలేదు.

నాకు యూనిట్‌కు తిరిగి రమ్మని ఆర్డరు వచ్చింది. రైలెక్కే ముందు పరవాడ బస్సెక్కి అతని ఇంటికి వెళ్లాను. అరుగు మీద కూర్చున్నాడు. రెండు చేతులకూ గుడ్డ కట్లు. వాళ్లావిడ టీ గ్లాసు నోటికి అందిస్తోంది.

"ఆ జాయింటు మళ్లీ ఎవులు ఏసినారు బావ?"

"కాంట్రాక్టరు మనుసులు."

"టేపు సగం మీద సగం పడాల. లాగి సుట్టాల. నేకపోతే లోపలికి నీరెల్లిపోద్ది. సెప్పినావా ఆళ్లకి?"

"సెప్తాను."

"ఇలాగ," అంటూ ఎడమ చేతిని కేబులులా ముందుకు చాచాడు. కుడిచేతి కట్టును దాని చుట్టూ తిప్పసాగాడు. నెమ్మదిగా, సగం మీద సగం, మణికట్టు నుంచి పైకి. గుడ్డకు గుడ్డ రాసుకుంటున్న చప్పుడు. మోచేతి దాకా వచ్చాడు. సరిగా పడలేదన్నట్టు తలూపి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు.