ముంపోళ్ళకు చోటు లేదు

మా సంఘంలో పసిబిడ్డ నెత్తిన నాలుగు చుక్కల నీళ్ళు చిలకరిస్తే బాప్తిస్మం అయిపోయినట్టే. నా తమ్ముడు పెద్దయ్యాక బేతమంగళ చెరువులో మునిగి రెండోసారి తీసుకుని, మా వాళ్ళ మాటల్లో 'ముంపోడు' అయ్యాడు. సంఘపెద్ద అయిన నా మొగుడు మనుషుల్ని వేసుకుని వెళ్ళి గట్టు మీదే వాడిని తన్నాడు. "ముంపు కావాలంటివి కదరా, తీసుకో" అంటూ జుట్టు పట్టి నీళ్ళలో అదిమాడు. అడ్డం పోయిన నన్ను ఈడ్చి పారేశాడు. తమ్ముడి చెవిలోంచి రక్తం కారడం నా కళ్ళతో చూశాను.

తర్వాత చాలా ఏళ్ళకు, బంగారు గనిలో పనిచేస్తూ పీల్చిన దుమ్ము వాడి ఊపిరితిత్తుల్ని తినేసింది. బంగారుపేట ఆసుపత్రిలో ఒక్కటే అడిగాడు.

"అక్కా, నన్ను అమ్మ పక్కన పెట్టిస్తావా?"

అమ్మ ఉన్నది మారికుప్పంలో, మా సంఘం సమాధుల తోటలో. దాని గేటు తాళంచెవి నా మొగుడి దగ్గర. "ముంపోళ్ళకు ఆడ చోటు లేదు" అన్నాడు ఆ మహానుభావుడు.

అప్పుడే సంఘం వాళ్ళు ఐరోపా యాత్ర పెట్టారు, కాథలిక్కుల నుంచి విడిపోయి మన మతాన్ని దిద్దిన పెద్దలు తిరిగిన ఊర్లు చూడాలని. నాకు కాలు కదల్లేదు. తమ్ముడే పంపాడు: "పో అక్కా, ఆడ బావ మనసు మెత్తబడొచ్చు."

స్విట్జర్లాండులో ఒక నది ఒడ్డున గైడు ఆగింది. ఐదొందల ఏళ్ళ కింద, రెండోసారి బాప్తిస్మం తీసుకున్నవాళ్ళను చేతులు కట్టి ఆ నీళ్ళలోనే ముంచి చంపారట. చంపించింది కాథలిక్కులు కాదు, మేం దండం పెట్టుకోవడానికి వచ్చిన ఆ సంస్కర్తల పక్షం వాళ్ళే. నా మొగుడు ఫోటో తీసుకుంటూ, "తప్పేముండాది? సంఘం కట్టు తప్పితే అంతే ఇంగ" అన్నాడు.

చెంప పగిలేలా కొట్టాను. కళ్ళజోడు ఎగిరి నదిలో పడింది. కాలరు పట్టుకుని ఒడ్డునున్న ఇనుప కమ్మీ మీదికి వంచాను.

"చూడయ్యా, బాగా చూడు! నా తమ్ముణ్ణి ఇట్లనే కదా అదిమింది?"

"వదలవే, పడిపోతాను!"

అందరూ కలిసి నన్ను లాగేశారు. లేకపోతే తోసేసేదాన్నే.

మేం తిరిగొచ్చాక తమ్ముడు ఎక్కువ నాళ్ళు బతకలేదు. పెట్టె మోసుకుని వెళ్తే నా మొగుడు గేటుకు అడ్డంగా నిలబడ్డాడు. ఛీ, ఇంక బతిమాలేదేంటి! గుంత తవ్వడానికి వచ్చినవాడి చేతిలో గడ్డపార లాక్కుని తాళం మీద వేశాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. ఎముక విరిగిన చప్పుడు వినబడింది. అయినా ఆగలేదు, తాళం ఊడిపడేదాకా కొట్టాను.

తమ్ముణ్ణి అమ్మ పక్కనే పెట్టాం. అందరూ వెళ్ళిపోయినా నా మొగుడు విరిగిన తన చెయ్యి పట్టుకుని గేటు దగ్గరే కూర్చున్నాడు.

"నేను పోతే నా పక్కన పండుకోవా ఇంగ?" అని అడిగాడు.

"లేదు. నా చోటు వాడి పక్కన."

ఆయన ఏడ్చాడు. నేను ఆటో పిలిచి, చెయ్యి కట్టించడానికి ఆసుపత్రికి తీసుకెళ్ళాను.