సత్తెన్న సరిచేసిన క్రాంక్

నాలుగు నెలల నా ఎదురుచూపు ఇవాళ పాలిష్‌తో పోయింది.

పిస్టన్ పైకీ కిందికీ ఇంకాస్త ఎక్కువ దూరం ఆడితే ఇంజన్ పవర్ పెరుగుతుంది. అందుకే నా పాత స్పోర్ట్స్ కారు ఇంజన్లో తిరిగే ఇరుసు క్రాంక్ మీద, పిస్టన్లు తగిలించే పిన్నులను హైదరాబాద్‌లో కావాలనే సెంటర్ నుంచి ఒకటిన్నర మిల్లీమీటర్లు పక్కకు వచ్చేలా అరగదీయించాను. ఇక మిగిలింది పాలిష్ ఒక్కటే. మిర్యాలగూడలోని మా రైస్ మిల్లు ఇంజన్లు చూసే సూర్యాపేట లేత్ మేస్త్రీ సత్తెన్నకు ఇచ్చాను.

పొద్దున వెళ్తే క్రాంక్ అద్దంలా మెరుస్తోంది. నేను మురిసిపోయేలోపే సత్తెన్న అన్నాడు:

"ఎవడో గాని పిన్నులన్నీ పక్కకు కొట్టిండు సేటూ. నేనే మల్ల గ్రైండింగ్ పెట్టి కంపెనీ సెంటర్‌కు తెచ్చిన."

"జర ఫోన్ చేసి అడగొద్దా సత్తెన్నా?"

"తప్పు కండ్లముందల కనపడుతుంటె అడుగుడేంది?"

రెండోసారి కూడా అరగదీయడంతో పిన్నులు మరీ సన్నబడిపోయాయి. ఆ క్రాంక్ ఇక దేనికీ పనికిరాదు. గట్టిగా తిడదామని నోరు తెరిచాను.

అంతలో ఆయనే కోపంగా, "గింత మంచి క్రాంక్‌ను గట్ల ఖరాబు చేసినోడెవడు సేటూ? వాన్ని ఒక్కసారి నా దగ్గరికి తోల్కరా" అన్నాడు.

వాడు ఎదురుగానే నిలబడ్డాడని చెప్పలేక, ఆయన తెప్పించిన చాయ్ తాగి వచ్చేశాను. మీరైతే చెప్పేవారా?